ఫైళ్లు వచ్చాయి, అడ్రసులు రాలేదు: క్యాడ్ డ్రాయింగులను కొత్త స్టోరేజీకి మార్చేటప్పుడు

కందుకూరు ఎక్కడికీ కదల్లేదు. 1970 దాకా అది నెల్లూరు జిల్లాలో ఉంది. ఆ ఏడాది ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు మళ్లీ నెల్లూరు జిల్లాకు వచ్చింది. ఊరు అదే, బస్టాండు అదే, మారింది అడ్రసులో జిల్లా పేరు. అప్పట్లో పాత అలవాటుతో కవరు మీద ‘ప్రకాశం జిల్లా’ అని రాసినా పోస్ట్‌మ్యాన్ ఉత్తరం చేర్చేవాడు, ఎందుకంటే ఆయనకు ఊరు తెలుసు. కంప్యూటర్‌కు ఊరు తెలియదు. కవరు మీద ఏం రాసి ఉందో అదే తెలుసు.

ఒక సివిల్ డిజైన్ ఆఫీసులో ప్రాజెక్టుల ఫోల్డర్లను జిల్లాల వారీగా పెట్టుకున్నారనుకుందాం. జిల్లాలు మారాక ఎవరో శ్రద్ధగా కందుకూరు ఫోల్డర్‌ను ప్రకాశం ఫోల్డర్‌లో నుంచి తీసి నెల్లూరు ఫోల్డర్‌లో పెట్టారు. ఫైలు ఒక్కటీ పోలేదు. కానీ లేఅవుట్ డ్రాయింగ్ తెరిస్తే అడుగున ఉండాల్సిన సర్వే షీటు లేదు. అది ఉండాల్సిన చోట ‘జడ్:\ప్రాజెక్ట్స్\ప్రకాశం\కందుకూరు\సర్వే\బేస్’ అంటూ ఒక వరుస అక్షరాలు మాత్రం మిగిలాయి. డ్రాయింగ్ తన లోపల రాసుకున్న అడ్రసు అది. ఆ అడ్రసుకు వెళ్లి చూసింది, అక్కడ ఎవరూ లేరు.

ఇలా అడ్రసు రాసుకుని ఇంకో ఫైలును తెచ్చుకోవడాన్ని, కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్‌లో ఎక్స్‌టర్నల్ రిఫరెన్స్ అంటారు, ఆఫీసుల్లో అందరూ పిలిచే పేరు ఎక్స్‌రెఫ్. 1982లో మొదలైన ఆటోక్యాడ్‌కు ఈ సౌకర్యం 1990 నాటి రిలీజ్ 11తో వచ్చింది. ఒక డ్రాయింగ్‌ను ఇంకో డ్రాయింగ్‌లోకి కాపీ చేయకుండా, ‘ఆ ఫైలు ఫలానా చోట ఉంది, తెరిచిన ప్రతిసారీ అక్కడి నుంచి తెచ్చుకో’ అని రాసి పెట్టడమే ఎక్స్‌రెఫ్. మూల ఫైలు మారితే దాన్ని తగిలించుకున్న షీట్లన్నీ వాటంతట అవే మారతాయి. పదిమంది కలిసి ఒక బిల్డింగ్ మీద పని చేయగలుగుతున్నారంటే ఇదే కారణం. సర్వే షీటు కింద తగిలించిన శాటిలైట్ ఫొటో, స్కాన్ చేసిన ఎఫ్ఎంబీ (రెవెన్యూ వాళ్ల పొలం కొలతల పటం), పీడీఎఫ్ కూడా ఇలాంటి అడ్రసులే. డీడబ్ల్యూజీ ఫైలులో, అంటే ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైలులో, తగిలించిన బొమ్మ ఉండదు, అది ఎక్కడుందో ఉంటుంది.

అందుకే స్టోరేజీ మార్పు అనగానే చాలామంది ‘రిఫరెన్స్ దొరకలేదు’ అన్న మెసేజ్‌కు భయపడతారు. నిజానికి భయపడాల్సింది దానికి కాదు. ఫైలు దొరకలేదని సాఫ్ట్‌వేర్ తెరవగానే చెబుతుంది, పేరుతో సహా చూపిస్తుంది. పది నిమిషాలు విసుగు పుడుతుంది, ఆ తర్వాత పని సరి అవుతుంది. అసలు ప్రమాదం ఏ మెసేజూ రాకపోవడం. అంటే ఫైలు దొరికింది, కానీ దొరికింది పాత ఇంట్లో.

నెల్లూరు వేదాయపాళెంలో ఒక జీ ప్లస్ ఫోర్ అపార్ట్‌మెంట్ పని నడుస్తోందనుకుందాం. ఆర్కిటెక్ట్ గీసిన ఫ్లోర్ ప్లాన్ ఒక ఫైలు. దాన్ని ఎక్స్‌రెఫ్‌గా తగిలించుకుని స్ట్రక్చరల్ వాళ్లు ఫుటింగుల షీటు చేశారు. ప్లంబింగ్, ఎలక్ట్రికల్ షీట్ల అడుగునా అదే ప్లాన్. శనివారం రాత్రి పాత సర్వర్‌లో ఉన్నదంతా కొత్త నాస్‌లోకి, అంటే నెట్‌వర్క్‌కు తగిలించిన కొత్త స్టోరేజీ పెట్టెలోకి, కాపీ అయింది. సోమవారం అందరూ కొత్తదాంట్లో పని మొదలుపెట్టారు. ఎందుకైనా మంచిదని పాత సర్వర్‌ను ఆన్‌లోనే ఉంచారు. మంగళవారం, సెల్లార్‌లో కారు తిరగడానికి చోటు చాలడం లేదని ప్లాన్‌లో ఒక వరుస కాలమ్‌లను 300 మిల్లీమీటర్లు జరిపి కొత్త నాస్‌లో సేవ్ చేశారు. బుధవారం స్ట్రక్చరల్ షీటు తెరిచారు, అదీ కొత్త నాస్ నుంచే. మెసేజ్ ఏమీ రాలేదు. ప్లాన్ చక్కగా కనబడుతోంది. అన్నీ సరిగ్గా వచ్చాయన్న నమ్మకంతో ప్రింటు తీసి సైటుకు పంపారు.

ఆ షీటు లోపల ప్లాన్ అడ్రసు పూర్తి పాత్‌గా, అంటే ఫైలు దాకా వెళ్లే మొత్తం దారిగా రాసి ఉంది, పాత సర్వర్ పేరుతో సహా. పాత సర్వర్ ఇంకా బతికే ఉంది కాబట్టి షీటు అక్కడికే వెళ్లి, శనివారం నాటి ప్లాన్‌ను తెచ్చుకుంది. సైటులో దారాలు కట్టి, ముగ్గు పోసి, జేసీబీతో గుంటలు తీస్తున్నది ఆ పాత వరుస మీద. ఆఫీసులో ఎవరూ తప్పు చేయలేదు. ఆర్కిటెక్ట్ మార్చాల్సింది మార్చారు, డ్రాఫ్ట్స్‌మన్ తాజా షీటే తెరిచారు. తేడా బయటపడేది మేస్త్రీ టేపు పట్టి ‘సార్, ఇక్కడ ర్యాంపు పడటం లేదు’ అన్నప్పుడే.

ఈ సంగతి తెరమీద చూసుకునే చోటు ఒకటుంది. ఎక్స్‌రెఫ్ అని కమాండ్ కొడితే పక్కన వచ్చే పలకలో ఏదైనా రిఫరెన్స్‌ను నొక్కి కింది వివరాలు చూడాలి. అక్కడ రెండు వరుసలుంటాయి: ‘సేవ్డ్ పాత్’, ‘ఫౌండ్ ఎట్’. మొదటిది డ్రాయింగ్ రాసుకున్న అడ్రసు, రెండోది ఫైలు నిజంగా దొరికిన చోటు. పైన ‘లోడెడ్’ అని ఉంటే సరిపోదు. ఆ రెండో వరుసలో కొత్త నాస్ ఉందా, పాత సర్వర్ ఉందా అన్నదే చూడాలి. స్టోరేజీ మార్చిన వారంలో ఈ ఒక్క వరుస చదివే అలవాటు ఉంటే పైన చెప్పిన గుంటలు తప్పు చోట పడవు.

సేవ్ చేసిన అడ్రసులో ఫైలు లేకపోతే ఆటోక్యాడ్ వెంటనే చేతులెత్తేయదు కూడా. ముందు ఆ డ్రాయింగ్ ఉన్న ఫోల్డర్‌లోనే అదే పేరుతో ఫైలుందేమో చూస్తుంది. తర్వాత సెట్టింగుల్లో రాసి పెట్టుకున్న ప్రాజెక్ట్ సెర్చ్ పాత్‌లు, సపోర్ట్ పాత్‌లు, చివరికి ప్రోగ్రామ్ మొదలయ్యే ఫోల్డర్. సాయం చేయడానికే ఈ ఏర్పాటు. కానీ ఎప్పుడో ఒకరు మెయిల్ చేయడానికని ప్లాన్ కాపీ ఒకటి షీటు పక్కనే పడేసి మర్చిపోయి ఉంటే, ఇన్నాళ్లూ ఎవరి కంటా పడని ఆ రెండేళ్ల నాటి కాపీ స్టోరేజీ మారిన రోజు లేచి కూర్చుంటుంది. పేరు ఒకటే కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు అనుమానం రాదు. ‘ప్లాన్’, ‘బేస్’, ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’ లాంటి పేర్లు ప్రతి ప్రాజెక్టులోనూ ఉండే ఆఫీసుల్లో ఈ ముప్పు ఎక్కువ.

అడ్రసు రాసుకునే పద్ధతులు మూడు. ఫుల్ పాత్ అంటే డ్రైవ్ అక్షరం లేదా సర్వర్ పేరు నుంచి చివరిదాకా మొత్తం రాయడం. నో పాత్ అంటే పేరొక్కటే రాసుకుని వెతుక్కోవడం. రిలేటివ్ పాత్ అంటే తను ఉన్న చోటి నుంచి దారి చెప్పడం, ‘ఒక ఫోల్డర్ పైకి వెళ్లి, సర్వేలోకి దిగు’ అన్నట్టు. ‘మా ఇంటికి ఎడమ పక్క మూడో ఇల్లు’ అని చెప్పడం లాంటిదే ఇది. వీధి మొత్తాన్ని ఎత్తి వేరే ఊళ్లో పెట్టినా మూడో ఇల్లు మూడోదిగానే ఉంటుంది. స్టోరేజీ మార్పును బాగా తట్టుకునేది ఇదే. 2018 వెర్షన్ నుంచి ఆటోక్యాడ్‌లో కొత్తగా తగిలించే ఎక్స్‌రెఫ్‌లకు రిలేటివ్‌నే సొంత అలవాటుగా పెట్టారు. రెఫ్‌పాత్‌టైప్ అన్న సెట్టింగు విలువ 1 ఉందంటే అర్థం అదే. అయితే అంతకు ముందు గీసినవి కొత్త వెర్షన్‌లో తెరిచినంత మాత్రాన మారవు. పాత షీటును కాపీ కొట్టి కొత్త పని మొదలుపెట్టే అలవాటు అన్ని ఆఫీసుల్లోనూ ఉంది కాబట్టి, 2015లో రాసిన ఫుల్ పాత్ ఇవాళ్టి ప్రాజెక్టులో కూడా నడుస్తూ ఉంటుంది.

రిలేటివ్ పాత్‌కూ రెండు పరిమితులున్నాయి. ఒకటి, డ్రైవ్ దాటి పోలేదు. షీటు ఒక డ్రైవ్‌లో, ప్లాన్ ఇంకో డ్రైవ్‌లో ఉంటే రిలేటివ్ దారి ఉండదు. దీని వల్ల ఒక చిక్కు వస్తుంది. షీటు కొత్త నాస్‌కు వచ్చేసి, దాని ఎక్స్‌రెఫ్ ఇంకా పాత సర్వర్‌ను పట్టుకుని ఉన్నప్పుడు ‘మేక్ రిలేటివ్’ నొక్కితే ఫలితం ఉండదు. కాబట్టి రిలేటివ్‌గా మార్చే పని పాత ఇంట్లో ఉండగానే చేసుకోవాలి. రెండు, వీధి మొత్తం కదలాలి. టైటిల్ బ్లాక్, లోగో, మెట్ల డీటైల్స్, తలుపుల పట్టిక లాంటివన్నీ ప్రాజెక్టులకు బయట ‘స్టాండర్డ్స్’ అన్న ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టుకునేవాళ్లు ఎక్కువ. అయిపోయిన పనులను ‘పాతవి’ అన్న ఫోల్డర్ చేసి అందులోకి తోస్తే ఒక మెట్టు లోతు పెరుగుతుంది. రెండు మెట్లు ఎక్కితే స్టాండర్డ్స్ అనుకున్నది ఇప్పుడు మూడు మెట్లు ఎక్కాలి. ప్రాజెక్టు లోపలి లింకులన్నీ బాగుంటాయి, ఒక్క టైటిల్ బ్లాక్ పోతుంది.

ఇదంతా చూశాక అర్థమయ్యేది, స్టోరేజీ మార్పులో కాపీ చేయడం చిన్న పని, కొత్త అడ్రసు ఏమిటో ముందే తేల్చుకోవడం పెద్ద పని. పది కంప్యూటర్ల లోపు ఉన్న ఆఫీసుకు అన్నిటికన్నా తేలికైన దారి, అడ్రసు మార్చకుండా ఇల్లు మాత్రం మార్చడం. ఇన్నాళ్లూ అందరూ జడ్ డ్రైవ్ అని పిలిచింది పాత సర్వర్‌ను. ఫోల్డర్ల అమరికలో ఒక్క అక్షరం కూడా మార్చకుండా కొత్త నాస్‌లో పెట్టి, అన్ని కంప్యూటర్లలో జడ్ డ్రైవ్‌ను కొత్త నాస్‌కు తగిలిస్తే చాలు. ఒక్క డ్రాయింగ్ కూడా తెరవనక్కరలేదు. పాత్‌లు సర్వర్ పేరుతో రాసి ఉంటే, పాతదాన్ని నెట్‌వర్క్ నుంచి తీసేశాక కొత్తదానికి ఆ పేరే, లోపల అందరూ వాడే షేర్డ్ ఫోల్డర్‌కూ పాత పేరే పెట్టవచ్చు. ఒకే పేరుతో రెండు నెట్‌వర్క్‌లో ఉండలేవు కాబట్టి పాతదాన్ని తీయక తప్పదు. అదే మనకు కావాల్సింది.

ఎలాగూ మారుస్తున్నాం కదా, ఫోల్డర్లను కూడా ఒక పద్ధతిలో సర్దుకుందామనే కోరిక ఇక్కడే పుడుతుంది. మంచి కోరికే, కానీ అదే రోజు వద్దు. రెండు పనులు కలిపితే ఏది దేనివల్ల విరిగిందో కనిపెట్టలేక టెన్షన్ పడాలి. ఇల్లు మారాక నెల రోజులు నడిచి, అంతా కుదురుకున్న తర్వాత సర్దుకోవచ్చు. అప్పుడు కూడా విండోస్‌లో మామూలుగా పాత్ పొడవుకు 260 అక్షరాల హద్దు ఉందని గుర్తుంచుకోవాలి. జిల్లా, మండలం, క్లయింటు పేరు, సంవత్సరం, దశ, షీటు రకం అంటూ లోతుగా వెళ్తే ఆ హద్దు త్వరగానే వస్తుంది.

అన్ని కంప్యూటర్లలోనూ జడ్ అంటే ఒకటే అన్న ధీమా కూడా ఉండకూడదు. ఒకరి సిస్టమ్‌లో అది వై డ్రైవ్ అయి ఉంటుంది, ఆ సిస్టమ్‌లో గీసిన షీట్లన్నిటిలోనూ వై అనే రాసి ఉంటుంది. ఇంకొకరు డెస్క్‌టాప్ మీద పెట్టుకుని పని చేసి, చివర్లో సర్వర్‌లోకి లాగి ఉంటారు. ఇలాంటివి ముందే తెలుసుకోవడానికి ఆటోక్యాడ్‌తో పాటు విడి ప్రోగ్రామ్‌గా వచ్చే రిఫరెన్స్ మేనేజర్ ఉంది. ఫోల్డర్ మొత్తాన్ని దానికి చూపిస్తే, డ్రాయింగులు ఒక్కొక్కటీ తెరవకుండానే ఏ షీటు ఏ ఫైలును ఏ అడ్రసులో వెతుకుతోందో జాబితా ఇస్తుంది. ఎక్స్‌రెఫ్‌లే కాదు, బొమ్మలు, ఫాంట్లు, ప్రింటులో గీతల మందం చెప్పే ప్లాట్ స్టైల్స్ కూడా అందులో వస్తాయి. పాత సర్వర్ పేరున్న చోటల్లా కొత్త పేరు పెట్టమని ఒకే దెబ్బలో మార్చే వీలూ అందులోనే ఉంది. అయితే అలా మార్చి సేవ్ చేస్తే ఫైలు తిరగరాసినట్టే, దాని తేదీ మారిపోతుంది. కాపీ సరిగ్గా వచ్చిందా అని పాత, కొత్త ఫైళ్ల తేదీ, సైజు పోల్చి చూసే పని అంతకు ముందే అయిపోవాలి. ముందు కాపీ, తర్వాత సరిచూపు, ఆ తర్వాతే పాత్‌ల మార్పు. ఈ వరుస తప్పితే మళ్లీ పోల్చడానికి ఆధారం మిగలదు.

ఎక్స్‌రెఫ్ లోపల ఎక్స్‌రెఫ్ ఉన్నప్పుడు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. షీటులో ప్లాన్, ప్లాన్‌లో సర్వే, సర్వేలో ఫొటో ఉన్నాయనుకుంటే షీటులో పాత్ సరిచేసినంత మాత్రాన సర్వే సరికాదు. ఆ అడ్రసు రాసి ఉన్నది ప్లాన్ ఫైలులో. కాబట్టి అడుగు నుంచి పైకి రావాలి, ముందు సర్వే, తర్వాత ప్లాన్, ఆఖరున షీటు.

కాపీ విషయానికొస్తే, ఎక్స్‌ప్లోరర్‌లో కంట్రోల్ సీ, కంట్రోల్ వీ ఒక ఫోల్డర్‌కు పనికొస్తాయి, పదేళ్ల ఆఫీసుకు పనికిరావు. మధ్యలో ఆగితే ఎక్కడ ఆగిందో చెప్పవు. విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ లాగ్ రాస్తుంది, ఆగితే మళ్లీ నడిపినప్పుడు రానివి మాత్రం తెస్తుంది, తేదీలు కాపాడుతుంది. దానితో ఎంఐఆర్ (/MIR) అన్న స్విచ్ వాడొద్దు, ‘ఈ’ (/E) అన్న స్విచ్ చాలు. ఎంఐఆర్ అసలులో లేనివన్నీ గమ్యం నుంచి తుడిచేస్తుంది. ఎవరో తొందరపడి కొత్త నాస్‌లో పని మొదలుపెట్టి ఉంటే అది కూడా పోతుంది. ఇక సమయం. గిగాబిట్ నెట్‌వర్క్ మీద సెకనుకు 100 మెగాబైట్లు నిలకడగా నడిస్తే ఒక టెరాబైట్‌కు 10,000 సెకన్లు, అంటే రెండు గంటల నలభై ఏడు నిమిషాలు. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే వేగం ఇందులో సగం కూడా రాదు. వైఫై మీద ఈ పని పెట్టుకోకూడదు. ఆ రాత్రి ఏ కంప్యూటర్‌లోనూ డ్రాయింగ్ తెరిచి ఉండకూడదు, రెండు పెట్టెలూ యూపీఎస్ మీద ఉండాలి.

ఫైళ్లతో పాటు రానివి కొన్ని ఉంటాయి, ఎందుకంటే అవి అసలు సర్వర్‌లోనే లేవు. సీటీబీ అనే ప్లాట్ స్టైల్ ఫైళ్లు మామూలుగా ఒక్కో కంప్యూటర్‌లో యూజర్ పేరు కింద దాక్కుని ఉంటాయి. సర్వర్‌తో పాటు సిస్టమ్‌లు కూడా మార్చితే ప్లాటర్ నుంచి గోడ గీత, డైమెన్షన్ గీత ఒకే మందంతో వస్తాయి. పంచాయతీకో, ఇరిగేషన్ వాళ్లకో ఇచ్చే షీట్లలో తెలుగు అక్షరాలు అను ఫాంట్లతో కొట్టి ఉంటే, ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో గ్రామం పేరున్న చోట అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల కుప్ప కనబడుతుంది. డ్రాయింగ్ చెడిపోయిందని కంగారు పడక్కరలేదు, ఫాంటు పెడితే పేరు తిరిగొస్తుంది. అయిపోయిన పనులకు ఈట్రాన్స్‌మిట్ కమాండ్‌తో ఎక్స్‌రెఫ్‌లు, ఫాంట్లు, ప్లాట్ స్టైల్స్ అన్నీ ఒక మూటగా కట్టి పెట్టుకోవడం ఎంతో మేలు. ఆ మూట ఏ స్టోరేజీలో పడేసినా తెరుచుకుంటుంది. నడుస్తున్న పనులకు ఇది మందు కాదు, మూటలోని ప్లాన్ అసలు ప్లాన్‌తో పాటు మారదు.

భవనాలు కాకుండా యంత్రాలు గీసేవాళ్లది ఇంకో రకం చిక్కు. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ ఫ్యాక్టరీలకు కటింగ్ మెషిన్ల ఫ్రేములు, ట్రాలీలు చేసే వర్క్‌షాపు యంత్రాలు గీసే సాలిడ్‌వర్క్స్ సాఫ్ట్‌వేర్ వాడుతోందనుకుంటే, అక్కడ ఒక అసెంబ్లీ అంటే వందల పార్టు ఫైళ్ల అడ్రసుల పుస్తకం. సాలిడ్‌వర్క్స్ ఒక పార్టు కోసం ముందుగా చూసేది ఇప్పటికే తెరిచి ఉన్న ఫైళ్లలో. అదే పేరుతో పాత మెషిన్ పార్టు తెరిచి ఉంటే దాన్నే పట్టుకుంటుంది. ‘బ్రాకెట్’, ‘బేస్ ప్లేట్’ అన్న పేర్లు ప్రతి మెషిన్‌లోనూ ఉంటాయి కాబట్టి పార్టు పేరు ముందు మెషిన్ నంబరు పెట్టుకోవడం స్టోరేజీ మార్పుకు ముందే అలవాటు కావాలి. పేరు మార్చేటప్పుడు ఎక్స్‌ప్లోరర్‌లో మార్చకూడదు, సాలిడ్‌వర్క్స్ ద్వారానే మార్చాలి. ఒక మెషిన్‌ను మొత్తంగా తరలించడానికి దాంట్లోనే ఫైళ్లన్నీ ఒక మూటగా కట్టే ప్యాక్ అండ్ గో ఉంది.

2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు కాలనీల్లోకి నీళ్లు వచ్చిన సంగతి ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. అలాంటి ఊళ్లో గ్రౌండ్ ఫ్లోర్‌లో టేబుల్ కింద ఉన్న ఒక్క పెట్టెలో పదేళ్ల పని పెట్టుకోవడం కన్నా క్లౌడ్‌లో ఇంకో కాపీ ఉండటం ఎంతో నయం. కాపీ కోసం క్లౌడ్ మంచిదే. పని చేసే చోటుగా మారిస్తే మాత్రం అడ్రసు సమస్య కొత్త వేషంలో వస్తుంది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన వన్‌డ్రైవ్ ఫోల్డర్ ఒక్కో కంప్యూటర్‌లో ఆ యూజర్ పేరు కింద ఉంటుంది, కాబట్టి ఒకరి ఫుల్ పాత్ ఇంకొకరికి చెల్లదు, రిలేటివ్ ఒక్కటే గతి. ఫైలు పేరు కనబడుతున్నా లోపలి సరుకు ఇంకా దిగి ఉండకపోవచ్చు. అప్పుడు నెట్ పోతే ఎక్స్‌రెఫ్ కూడా పోతుంది. ఆఫీసు సర్వర్ మీద ఇద్దరు ఒకే డ్రాయింగ్ తెరిస్తే రెండోవాళ్లకు ఆటోక్యాడ్ అడ్డు చెబుతుంది. వన్‌డ్రైవ్ లాంటి సింక్ ఫోల్డర్‌లో ఆ అడ్డు నమ్మదగ్గది కాదు. ఇద్దరూ సేవ్ చేస్తే పేరు చివర కంప్యూటర్ పేరు తగిలించుకున్న రెండో ఫైలు పుడుతుంది. ఎక్స్‌రెఫ్ మాత్రం మొదటి పేరునే పట్టుకుని ఉంటుంది.

అన్నీ అయ్యాక పరీక్ష చేసేటప్పుడు పాత సర్వర్ కేబుల్ పీకేయాలి. ఆఫ్ చేస్తే ఏమవుతుందోనని ఆన్‌లో ఉంచుతారు. అలా ఉంచినన్నాళ్లూ పరీక్ష జరగనట్టే, ఎందుకంటే తప్పు అడ్రసులన్నిటికీ అది జవాబిస్తూనే ఉంటుంది. కేబుల్ తీశాక నడుస్తున్న ప్రతి పనిలోనూ ఒక ప్లాన్, ఒక స్ట్రక్చరల్ షీటు, ఒక సర్వీసుల షీటు తెరిచి ప్రింటు దాకా వెళ్లాలి. ఆటోక్యాడ్ ఉన్న ప్రతి సిస్టమ్ నుంచీ కనీసం ఒకటి. దొరకని రిఫరెన్సులు అప్పుడు బయటపడతాయి, ఒక్కొక్కటీ సరిచేసుకోవచ్చు. ఎక్స్‌రెఫ్ పలకలో దొరకని వాటి మీద కుడి బటన్ నొక్కితే కొత్త చోటు చూపించే వీలు ఉంది, అదే చోట పోయిన మిగతావాటినీ కలిపి సరిచేయమంటే చేస్తుంది.

పాత సర్వర్‌ను అప్పుడే పారేయకూడదు, పాత సామాన్ల వాడికి అమ్మకూడదు. కేబుల్ లేకుండా పై అంతస్తులో బీరువా మీద ఉంచాలి. ఏదైనా ఫైలు రాలేదని తేలితే దాన్ని తెచ్చి ఒకే ఒక సిస్టమ్‌కు తగిలించి, ఆ ఫైలు తీసుకుని, మళ్లీ పైకి పంపేయాలి. బిల్లు కోసమో, కోర్టులో సరిహద్దు తగాదా కోసమో మూడేళ్ల నాటి షీటు అడిగే క్లయింటు ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు. అప్పటిదాకా అది బీరువా మీదే ఉండనివ్వాలి.